‘మామూలే’ అన్న జవాబుకి సున్నా

పోయిన నెలలో ఒక సాయంత్రం, మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో హాస్టల్లో ఉంటున్న ఒకమ్మాయి మా ఆఫీసుకొచ్చింది. మన పత్రిక పాఠకురాలు. మైండ్‌స్పేస్ దగ్గర ఒక కంపెనీలో పని చేస్తోంది. నెలలో రెండు వారాలు పగలు, రెండు వారాలు రాత్రి షిఫ్టు. బ్యాగులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి బల్ల మీద పరిచి, “అక్కా, ఇందులో నేనెక్కడ తప్పు చేశానో చెప్పండి” అంది.

అది పన్నెండు ప్రశ్నల కాగితం. ఉద్యోగుల మానసిక ఆరోగ్యం తెలుసుకోవడానికని కంపెనీ వాళ్ళు అందరికీ ఈమెయిల్లో పంపారట. ఈ మధ్య దిగులుతో నిద్ర పట్టడం లేదా, ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉన్నట్టనిపిస్తోందా, చేసే పని మీద మనసు నిలుస్తోందా - ఇలాంటివి. ఒక్కో ప్రశ్నకీ నాలుగు జవాబులిచ్చారు. ఈ అమ్మాయి పన్నెండింటికీ ‘ఎప్పటిలాగే’, ‘ఎప్పటికన్నా ఎక్కువేమీ కాదు’ అన్న అర్థమొచ్చే జవాబులకే టిక్కు పెట్టింది. తర్వాత కొన్నాళ్ళకి ఫలితాలొచ్చాయి. మన ఉద్యోగుల్లో అత్యధికులు మానసికంగా ఆరోగ్యంగా ఉన్నారని పైవాళ్ళు మీటింగు పెట్టి ప్రకటించారు. కేకు కూడా కోశారట.

“నేను అబద్ధం రాయలేదక్కా. నా రూమ్మేట్లూ రాయలేదు. మరి ఫలితం అబద్ధం ఎలా అయింది?”

రోజుకి ఎంతసేపు నిద్రపోతావని అడిగాను. “రాత్రి షిఫ్టు వారాల్లో మూడు గంటలు. బాగా పడితే నాలుగు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ అంతే కదా, మామూలే. అందుకే ఎప్పటిలాగే అని పెట్టాను.”

ఈసారి సంపాదకీయం వేరే విషయం మీద రాద్దామనుకున్నాను. ఆ ‘మామూలే’ అన్న మాట విన్నాక దాన్ని పక్కన పెట్టేశాను. హైటెక్ సిటీ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న ఆ అద్దాల మేడల్లో ఆడవాళ్ళ మనసు గురించి, భద్రత గురించి ఇవాళ ఎన్నో సర్వేలు జరుగుతున్నాయి. వాటిని బట్టే క్యాబులు, క్రెష్‌లు, కౌన్సెలర్లు, కమిటీలు వస్తున్నాయి, రాకుండా పోతున్నాయి. మన బాధకి కొలబద్ద పట్టేవాళ్ళు ఆ కొలబద్దని ముందు ఎవరితో సరిచూయించారు? ఈ ప్రశ్న సైకాలజీ విద్యార్థులది మాత్రమే అనుకుని మనం వదిలేస్తూ వచ్చాం.

ఆ అమ్మాయి తెచ్చిన పన్నెండు ప్రశ్నలూ ఎక్కడివో తెలుసుకోవడం కష్టం కాలేదు. బ్రిటన్‌లో డేవిడ్ గోల్డ్‌బర్గ్ అనే మానసిక వైద్యుడు 1972లో ప్రకటించిన జనరల్ హెల్త్ క్వశ్చనైర్‌ని తర్వాత పన్నెండు ప్రశ్నలకి కుదించారు. అవే ఇవి. ప్రపంచమంతా వాడతారు, మన దేశంలో కూడా వాడతారు. చెడ్డ ప్రశ్నావళి అని నేననను. మామూలు జబ్బుల డాక్టరు దగ్గరికి వచ్చిన వాళ్ళలో, ఈ మధ్యే మనసు దెబ్బతిన్న వాళ్ళని గుర్తుపట్టడానికి తయారుచేశారు దాన్ని. అందుకే ప్రతి ప్రశ్నా ‘ఎప్పటితో పోలిస్తే ఈ మధ్య ఎలా ఉంది’ అన్న ధోరణిలో ఉంటుంది. మార్కులు వేసే పద్ధతి కూడా అలాగే ఉంటుంది. నాలుగు జవాబుల్లో మొదటి రెండింటికీ సున్నా, చివరి రెండింటికీ ఒకటి. ‘ఎప్పటిలాగే’ అన్నది మొదటి రెండింటిలోకి వస్తుంది. అంటే నిన్నమొన్నటి దాకా హాయిగా నిద్రపోయి ఈ వారం నిద్ర పట్టని మనిషిని ఈ కాగితం పట్టుకుంటుంది. మూడేళ్ళుగా నిద్రలేని మనిషికి సున్నా వేసి పంపించేస్తుంది.

దీన్ని కనిపెట్టింది నేను కాదు. గుడ్‌చైల్డ్, డంకన్-జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లోనే ఈ లోపాన్ని ఎత్తిచూపారు. బాధ గురించి అడిగే ప్రశ్నలకి ‘ఎప్పటికన్నా ఎక్కువేమీ కాదు’ అని జవాబిస్తే దాన్ని ఆరోగ్యం కింద కాదు, పాతబడిపోయిన బాధ కింద లెక్కెయ్యాలని, ఒక మార్కు ఇవ్వాలని సూచించారు. ఆ పన్నెండులో బాధ గురించి సూటిగా అడిగేవి ఆరు. అంటే మా ముందు కూర్చున్న అమ్మాయికి ఒక లెక్కలో సున్నా, ఇంకో లెక్కలో ఆరు. మనిషి అదే, టిక్కులూ అవే. ఏ లెక్క వాడారో ఆ మీటింగులో ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఇక్కడ రెండు మాటలు విడివిడిగా తెలుసుకోవాలి. మన బీ.ఎడ్., సైకాలజీ పాఠ్యపుస్తకాల్లో వీటిని విశ్వసనీయత, సప్రమాణత అంటారు. పరీక్ష రాసి మర్చిపోవడానికి తప్ప ఎందుకూ పనికిరావన్నట్టు చెప్తారు గానీ, మనకి ఇంతకన్నా పనికొచ్చే మాటలు తక్కువ. రేషన్ షాపు కాటానే తీసుకోండి. కిలోకి వంద గ్రాములు తక్కువ తూగే కాటా ఉందనుకుందాం. ఇవాళ తూచినా రేపు తూచినా, డీలరు తూచినా అతని కొడుకు తూచినా, అదే వంద గ్రాములు తగ్గుతాయి. అది ఎంతో నిలకడైన కాటా. మాట మార్చదు. ఆ నిలకడ పేరే విశ్వసనీయత. కానీ ఇంటికొచ్చాక డబ్బాలో పడే బియ్యం తొమ్మిది వందల గ్రాములే. కొలుస్తానన్న దాన్నే కొలుస్తోందా అన్నది రెండో ప్రశ్న. అది సప్రమాణత. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. మన మీద జరిగే మోసాలు చాలావరకు, కావాలని చేసినవైనా తెలియక చేసినవైనా, మొదటిది చూపించి రెండోది ఉందనిపించడంలోనే ఉంటాయి.

సర్వే నివేదికల్లో తరచూ ఒక గ్రీకు అక్షరం కనపడుతుంది - ఆల్ఫా. లీ క్రాన్‌బాక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1951లో ఇచ్చిన లెక్క అది. ఒక ప్రశ్నావళిలోని ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంతవరకు పొసగుతున్నాయో చెప్తుంది. 0.7 దాటితే చాలు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆలోచించండి. పన్నెండు ప్రశ్నలకీ భయంతో ఒకే రకంగా ‘బాగానే ఉన్నాను’ అనేవాళ్ళు కొందరు, ధైర్యంగా ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు కొందరు ఉంటే ఆ ఆల్ఫా చక్కగా పెరుగుతుంది. అది కొలిచింది బాధని కాకపోవచ్చు, ఎవరికి ఎంత భయముందో కావచ్చు. తేడా ఆ అంకె చెప్పదు. ఇదే క్రాన్‌బాక్, పాల్ మీల్ అనే మరో ఆయనతో కలిసి 1955లో, ఒక భావనని నిజంగా కొలుస్తున్నామని ఎలా నిరూపించాలన్న దాని మీద పెద్ద వ్యాసం రాశారు. మొదటి లెక్కని అందరూ వాడుకుంటారు. రెండో వ్యాసాన్ని నివేదిక చివర ఒక మాట అనేసి దాటేస్తారు.

ఇంకో పరీక్ష ఉంది. అదే మనిషికి అదే ప్రశ్నావళి రెండు వారాల తర్వాత మళ్ళీ ఇచ్చి జవాబులు మారాయా లేదా అని చూస్తారు. మారకపోతే మంచిదంటారు. పగటి షిఫ్టు వారంలో ఒకసారి, రాత్రి షిఫ్టు వారంలో ఒకసారి అడిగితే జవాబు మారకపోవడమే కదా అనుమానించాల్సిన విషయం! జీవితం మారినా కొలత మారలేదంటే, ఆ కొలతకి జీవితంతో సంబంధం లేదేమో.

సరే, అంకెలు వదిలి ఆ మేడల్లోకి వెళ్దాం. ఆ సర్వే ఈమెయిల్లో వచ్చిందన్నాను కదా. పేరు రాయనక్కర్లేదని పైన రాసి ఉంది. కానీ తెరవాలంటే ఉద్యోగి నంబరుతో లాగిన్ కావాలి. కింద ఏ టీమ్, ఎన్నేళ్ళ అనుభవం, ఆడా మగా, పెళ్ళయిందా అని అడిగారు. ఆమె టీమ్‌లో ఎనిమిది మంది. అందులో ఆడపిల్ల ఈమె ఒక్కతే. ఇక పేరెందుకు? పైగా పంపింది అప్రైజల్ నెలలో. ‘పని మీద మనసు నిలవడం లేదు’ అని రాసి ప్రమోషన్ పోగొట్టుకునేంత అమాయకురాలెవరు? అడిగేవాళ్ళకి నచ్చే జవాబిచ్చే అలవాటు మనుషులందరికీ ఉంటుందని సైకాలజీలో ఎప్పుడో గుర్తించారు. 1960లో క్రౌన్, మార్లో అనే ఇద్దరు దాన్ని కొలవడానికే ఒక మాపని తయారుచేశారు. వాళ్ళు మాట్లాడింది మెప్పు కోసం ఇచ్చే జవాబు గురించి. జీతం కోసం ఇచ్చే జవాబుకి కూడా ఒక మాపని కావాలి.

ఎవర్ని అడిగారన్నది దీనికన్నా పెద్ద ప్రశ్న. ఆ ఈమెయిలు ఎవరికి వెళ్ళింది? కంపెనీ మెయిల్ ఉన్నవాళ్ళకి. మరి ఆ మేడలోనే రోజూ పన్నెండు అంతస్తుల బాత్‌రూములు కడిగే హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు? క్యాంటీన్‌లో గిన్నెలు తోమేవాళ్ళు? గేటు దగ్గర ఆడవాళ్ళ బ్యాగులు తనిఖీ చేసే సెక్యూరిటీ మహిళ? బోరబండ నుంచో, గచ్చిబౌలి వెనక బస్తీల నుంచో తెల్లవారకుండా నడిచొచ్చే వీళ్ళు కాంట్రాక్టరు మనుషులు. కంపెనీ లెక్కలో ఉద్యోగులు కారు. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి పంపినా ఉపయోగం లేదు. అయినా తర్వాత వచ్చే వార్త మాత్రం ‘ఐటీ కారిడార్‌లో మహిళలు’ అనే వస్తుంది.

ఉద్యోగం వదిలేసినవాళ్ళు మరో వరస. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ ప్రకారం 50 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసేచోట క్రెష్ సౌకర్యం ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకునే వీలుండాలి. ఒక కంపెనీలో ‘మీకు క్రెష్ అవసరమా’ అని సర్వే చేశారని, అవసరమన్నవాళ్ళు చాలా కొద్దిమందేనని హెచ్.ఆర్.లో పనిచేసే ఒకామె మాతో అన్నది. ఉంటారా మరి? క్రెష్ లేక, అత్తగారు చూడక, బిడ్డ కోసం రాజీనామా చేసిన అమ్మాయిలకి ఆ సర్వే వెళ్ళలేదు. మిగిలినవాళ్ళలో చాలామందికి పిల్లలు లేరు, లేదా అమ్మ ఊరి నుంచొచ్చి చూసుకుంటోంది. ఎవరికి ఆ అవసరం ప్రాణాంతకమో వాళ్ళందరినీ ముందు బయటికి పంపేసి, లోపలున్నవాళ్ళని మీకు అవసరమా అని అడిగారన్నమాట.

2025 ఫిబ్రవరిలో ఒక పరిశోధన పత్రం వార్తల్లోకెక్కింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి వాళ్ళు కలిసి మన ఐటీ ఉద్యోగుల్ని 345 మందిని పరీక్షించి, 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుందని చెప్పారు. పనికొచ్చే పని. ఎన్ని గంటలు కూర్చుంటున్నారో, ఎంత ఒత్తిడో, నిద్రెంతో అన్న చర్చ దాని వల్ల మొదలైంది. కానీ తెల్లారేసరికి అది ‘ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మందికి’ అయి కూర్చుంది. 345 మంది ఎక్కడికి పోయారో తెలీదు. ఆ 345 మందిలో ఆడవాళ్ళెందరు, రాత్రి షిఫ్టువాళ్ళెందరు, పరీక్షకి తమంతట తాము వచ్చారా, పిలిస్తే వచ్చారా అని అడగడం పరిశోధనని అవమానించడం కాదు, దాన్ని గౌరవంగా చదవడం. కాలేయంలో కొవ్వునైతే యంత్రం కొలుస్తుంది. మనసు దగ్గర ఆ యంత్రం కూడా లేదు. అక్కడున్నది ఒక ప్రశ్న, ఒక జవాబు, మధ్యలో ఇద్దరు మనుషులు. కాబట్టి జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

లైంగిక వేధింపుల దగ్గరికొస్తే ఈ సంగతి మరీ స్పష్టంగా కనపడుతుంది. 1997లో విశాఖ తీర్పు, 2013లో పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చాక, పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, ఏటా నివేదిక ఇవ్వాలి. కారిడార్‌లో చాలా కంపెనీల నివేదికల్లో ఒకే అంకె చూశాను - సున్నా. ఏడాది తర్వాత ఏడాది, సున్నా. ఇంతకన్నా నిలకడైన కొలత ఎక్కడైనా ఉందా! విశ్వసనీయతకి నూటికి నూరు. ఆ సున్నా కొలిచేది వేధింపులు లేకపోవడాన్నా, ఫిర్యాదు లేకపోవడాన్నా? ఫిర్యాదు మూడు నెలల్లో ఇవ్వాలి. గడువు పెంచే అధికారం కమిటీది. ఫిర్యాదు అబద్ధమని తేలితే ఫిర్యాదు చేసినామె మీదే చర్య తీసుకోవచ్చని చట్టంలోనే ఒక సెక్షన్ ఉంది. రుజువు కానంత మాత్రాన అబద్ధం కాదని కూడా అక్కడే రాసి ఉంది, దాన్ని శిక్షణ తరగతుల్లో ఎవరూ గట్టిగా చదవరు. కమిటీలో ఎవరున్నారో తెలియని ఆఫీసులు ఎన్ని! 2023 మే నెలలో అరేలియానో ఫెర్నాండెజ్ కేసులో సుప్రీంకోర్టు, చట్టమొచ్చి పదేళ్ళయినా అమలు ఇలా ఉందేమిటని మందలించి, కమిటీలు అసలున్నాయో లేవో సరిచూడమని ఆదేశించింది. 2025 జూలై నుంచి కంపెనీలు తమ బోర్డు నివేదికలో ఎన్ని ఫిర్యాదులొచ్చాయో, ఎన్ని పరిష్కరించారో, ఎన్ని 90 రోజులు దాటి పెండింగులో ఉన్నాయో అంకెలతో రాయాలి. మంచిదే. కానీ ఆ గళ్ళలో సున్నాలు వరసగా నిండితే దాన్ని మన విజయమని రాసే విలేఖరులుంటారు, వాళ్ళని కాస్త ఆపాలి.

దీనికి తలకిందుల సంగతి కూడా చెప్పుకోవాలి. 2013 అక్టోబరులో మాదాపూర్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని కారెక్కించుకుని తీసుకుపోయి అత్యాచారం చేశారు. పోలీసులు ఆమె పేరు దాచి అభయ అని పిలిచారు. ఆ తర్వాతి ఏడాది, 2014 అక్టోబరు 24న షీ టీమ్స్ మొదలయ్యాయి. ఫిర్యాదులు రావడం మొదలవగానే ‘నేరాలు పెరిగాయి’ అన్నవాళ్ళున్నారు. పెరిగింది నేరమా, చెప్పుకునే చోటు దొరికిందన్న నమ్మకమా? అంకె ఒక్కటే ఆ తేడా చెప్పలేదు. ఫిర్యాదుల సంఖ్య పెరగడం మంచి సూచన కావచ్చు, సున్నా భయంకరమైన సూచన కావచ్చు. ఏది ఏదో తెలియాలంటే ఫిర్యాదు చెయ్యనివాళ్ళని వేరేగా అడగాలి.

ఎలా అడగాలి? ఇక్కడ స్త్రీవాద పరిశోధకులు చేసిన పని చాలా గొప్పది. 1980లలో అమెరికాలో లూయీస్ ఫిట్జెరాల్డ్, ఆమె సహచరులు ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో ‘మిమ్మల్ని లైంగికంగా వేధించారా’ అని ముందు అడగరు. మీ ముందు అసభ్యమైన జోకులు వేశారా, వద్దన్నా బయటికి రమ్మని పిలుస్తూనే ఉన్నారా, మాట వింటే పనిలో మేలు చేస్తామన్నట్టు సూచించారా అని జరిగిన పనుల్ని ఒక్కొక్కటిగా అడుగుతారు. పేరు పెట్టే ప్రశ్న చివర్లో వస్తుంది. దీనివల్ల తేడా ఎంతుంటుందంటే, అమెరికాలో అనేక సర్వేల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణ 2003లో వచ్చింది. వేధింపు జరిగిందా అని సూటిగా అడిగితే 24 శాతం స్త్రీలు అవునన్నారు. పనుల జాబితా చదివి అడిగితే 58 శాతం. మధ్యలో ఉన్న ఆ 34 మంది అబద్ధం చెప్పలేదు. తమకి జరిగినదానికి ఆ పేరుందని అనుకోలేదు, లేదా ఆ పేరు పెట్టుకోవడం ఇష్టపడలేదు.

మన దగ్గరా ఇంతే. చాలా ఏళ్ళ క్రితం మా సంస్థే ఒక బస్తీలో సర్వే చేసింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ‘మీ ఇంట్లో గృహహింస ఉందా?’ అని రాసుకుని వెళ్ళాం. ఒకామె మా వైపు జాలిగా చూసి, “అట్లాంటివేం లేవమ్మా, తాగొచ్చిన్నాడు కొడ్తడు, అంతే” అంది. మా వలంటీరు ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టింది. ఆ కాగితాలు మేమెప్పుడూ అచ్చు వెయ్యలేదు, అదొక్కటే ఊరట. ప్రభుత్వమే చేయించే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ విషయంలో మాకన్నా నయం. చెంపదెబ్బ కొట్టాడా, చెయ్యి మెలిపెట్టాడా, తోశాడా, గొంతు నులిమాడా అని విడివిడిగా అడుగుతుంది. ఇంటికొక్క స్త్రీనే, ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలని నియమం. 2019-21లో జరిగిన ఐదో సర్వేలో తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో 36.9 శాతం మంది భర్త హింసని చూసినట్టు చెప్పారు.

అదే సర్వేలోని ఇంకో అంకె 2021 చివర్లో దేశమంతా మోగింది. తెలంగాణ స్త్రీలలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం మంది భార్యని భర్త కొట్టడం సమంజసమేనన్నారని. టీవీల్లో మన ఆడవాళ్ళ వెనకబాటుతనం మీద చర్చలు పెట్టారు. నాకూ ఆ రోజు కోపమొచ్చింది, ఆడవాళ్ళ మీదే వచ్చింది. తర్వాత ఆ ప్రశ్న చదివాను. చెప్పకుండా బయటికి వెళ్తే, పిల్లల్ని పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, వంట బాగా చెయ్యకపోతే, అత్తమామల్ని గౌరవించకపోతే - ఇలా ఏడు సందర్భాలు చదివి, ఒక్కోదాన్లో కొట్టడం సమంజసమేనా అంటారు. ఏడింటిలో ఒక్కదానికి అవునన్నా ఆమె ఆ 83.8లోకి వెళ్ళిపోతుంది. ఇంకో సంగతి. బంగ్లాదేశ్ పల్లెల్లో సిడ్నీ షూలర్ బృందం ఇలాంటి ప్రశ్నలే వేసి, జవాబిచ్చిన స్త్రీలతో కూర్చుని మీరేమనుకుని ఆ జవాబిచ్చారని మళ్ళీ అడిగింది. 2011లో ప్రచురించారు. చాలామంది ఆ ప్రశ్నని తమ సొంత అభిప్రాయం అడిగినట్టుగా కాక, ఊళ్ళో జనం ఏమనుకుంటారో అడిగినట్టుగా అర్థం చేసుకున్నారు. మన 83.8లో ‘నాకది న్యాయమనిపిస్తుంది’ ఎంత, ‘లోకం అంటుంది’ ఎంత? ‘కొట్టడం మామూలే కదా’ ఎంత? మళ్ళీ ఆ మామూలు!

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చిన ప్రశ్నలతో మరో తంటా ఉంది. దిగులుని కొలవడానికి అమెరికాలో 1977లో లెనోర్ రాడ్లాఫ్ తయారుచేసిన ప్రశ్నావళిలో, దిగులుకి వాళ్ళు వాడే నుడికారంలో నీలం రంగు వస్తుంది. దాన్ని మాటకి మాట దించితే మన నర్సమ్మకి ఏమర్థమవుతుంది? మన వాళ్ళు దిగులుని ఒంట్లో చెప్తారు. తలంతా బరువుగా ఉంది, గుండె దడదడలాడుతోంది, కాళ్ళు పీకేస్తున్నాయి, ఏం తినబుద్ధి కావట్లేదు అంటారు. ఐటీ అమ్మాయిలైతే అన్నిటికీ కలిపి ఒకటే మాట, టెన్షన్. ఆ టెన్షన్‌లో డెడ్‌లైను ఉంటుంది, పెళ్ళి సంబంధాలుంటాయి, క్యాబులో చివర దిగాల్సినదాన్ని నేనే అన్న భయముంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బెంగళూరుతో సహా పదిహేను నగరాల్లో చేసిన పరిశోధన మీద గోల్డ్‌బర్గే 1997లో రాశారు. ఎన్ని మార్కులు దాటితే జబ్బని అనుకోవాలన్న గీత అన్ని నగరాలకీ ఒకటి కాదని తేలింది. ఆ ప్రశ్నావళిని తయారుచేసిన మనిషే ఒప్పుకున్న విషయాన్ని దాన్ని ఉచితంగా దించుకుని వాడే హెచ్.ఆర్. వాళ్ళు పట్టించుకోరు.

అంటే సర్వేలు వద్దంటున్నానా? కాదు. అనుభవమే ప్రమాణమని మనం ఎప్పట్నుంచో అంటున్నాం. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల నోటి మాటల మీదే నిలబడింది. ఒక్కొక్కరి దగ్గరా గంటల తరబడి కూర్చుని విన్నారు. అయితే అనుభవాన్ని లెక్కలకి ఎదురుగా నిలబెట్టి, లెక్కలన్నీ వాళ్ళకి వదిలేస్తే, లెక్క అడిగే అధికారం కూడా పోతుంది. క్యాబు రాత్రి ఎనిమిది తర్వాతా తొమ్మిది తర్వాతా అన్నది అంకెల మీదే తేలుతోంది. అంకె తయారయ్యేచోట మనం ఉండాలి. ప్రశ్నలు రాసేటప్పుడే పదిమంది ఆడవాళ్ళని కూర్చోబెట్టి, ఈ ప్రశ్న వింటే నీకేమనిపించింది అని అడగమనాలి. హౌస్‌కీపింగ్ ఆమెని తెలుగులో, ఉర్దూలో, సూపర్‌వైజరు లేనప్పుడు అడగమనాలి. మానేసినవాళ్ళకి ఫోన్ చేయమనాలి. జవాబుల కాగితం కంపెనీ సర్వర్‌లో కాకుండా బయటివాళ్ళ దగ్గర ఉండాలనాలి.

ఆ సాయంత్రం ఆ అమ్మాయీ నేనూ ఆ పన్నెండు ప్రశ్నల్లో రెండింటిని తిరగరాశాం. ‘ఎప్పటితో పోలిస్తే’ అన్నది కొట్టేశాం. ‘గడిచిన ఏడు రోజుల్లో రోజూ ఎన్ని గంటలు నిద్రపోయారు? మెలకువ వస్తే ఏ ఆలోచనతో వచ్చింది?’ అని రాశాం. తనే ముందు నింపుతానంది. సోమవారం మూడు, మంగళవారం మూడున్నర అని రాస్తూ బుధవారం దగ్గర ఆగి, “బుధవారం అసలు పడుకోలేదక్కా, మర్చేపోయాను” అంది.

మీ ఆఫీసుల్లో, హాస్టళ్ళలో, కాలేజీల్లో ఇలాంటి ప్రశ్నావళులు వచ్చుంటే వాటి నకళ్ళు మాకు పంపండి. ఏ ప్రశ్న దగ్గర మీ పెన్ను ఆగిందో, ఎందుకాగిందో పక్కన నాలుగు ముక్కలు రాయండి, తెలుగులోనే. వచ్చే సంచికలో వాటి మీద వివరంగా మాట్లాడుకుందాం. మీ పేరు రాయకండి. కంపెనీ పేరూ, టీమ్ పేరూ, ఎన్నేళ్ళ అనుభవమో కూడా రాయకండి.